వందల ఇండెక్స్‌లు, ఒక్క సెర్చ్ సర్వర్: కనెక్షన్ల పని డైరీ

సోమవారం

చేతికొచ్చిన పని ఇది. అపాచీ సోల్ర్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే డాక్యుమెంట్ సెర్చ్ ఒకటుంది. దాన్ని వాడుకునే ఒక్కో సంస్థకు ఒక్కో ఇండెక్స్, అంటే వెతకడానికి వీలుగా పేర్చిన డాక్యుమెంట్ల జాబితా. సోల్ర్ వాళ్లు దాన్ని కోర్ అంటారు. అన్నీ కలిపితే వందల్లో ఉన్నాయి, కొత్త సంస్థ చేరినప్పుడల్లా ఇంకోటి పుడుతుంది. సర్వర్ మాత్రం ఒకటే, 8983 పోర్టు. దాని ముందు జావాలో రాసిన మా అప్లికేషన్ రెండు మెషీన్ల మీద నడుస్తోంది. సర్వర్, జావా నుంచి దానితో మాట్లాడే క్లయింట్ లైబ్రరీ సోల్ర్‌జే రెండూ 8వ వెర్షన్‌వే.

ఫిర్యాదు ఏంటంటే, రద్దీ మొదలైన కాసేపటికి సెర్చ్ పేజీ అలా తిరుగుతూ ఉండిపోతుంది. లాగ్‌లో "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని పడుతుంది. అప్లికేషన్‌ను రీస్టార్ట్ చేస్తే అంతా మామూలే. ఒక్కోసారి రీస్టార్ట్ చేయకుండానే దానంతటదే సర్దుకుంటుంది. ఈ రెండో సంగతే నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. దానంతటదే బాగయ్యే జబ్బుకు కారణం దొరికితే మిగతాది సులువు.

సోల్ర్ వైపు చూస్తే సీపీయూ తీరిగ్గా ఉంది. క్వెరీలు వచ్చినవి వచ్చినట్టే పూర్తవుతున్నాయి. అంటే సర్వర్‌కు చేరాక ఇబ్బంది లేదు, చేరడమే ఇబ్బంది.

అప్లికేషన్ మెషీన్ మీద కనెక్షన్ల జాబితా చూపే ఎస్‌ఎస్ కమాండ్ నడిపి, 8983కు వెళ్లే టీసీపీ కనెక్షన్లు ఏ స్థితిలో ఉన్నాయో లెక్కపెట్టాం. నాతో పనిచేసే కుర్రాడు స్క్రీన్ చూసి, "అన్నా, ఈ క్లోజ్ వెయిట్‌లు ఏంటి, పేజీలు పేజీలు వస్తున్నాయి?" అన్నాడు. నిజమే. ఎస్టాబ్లిష్డ్ స్థితిలో, అంటే రెండు వైపులా తెరిచి ఉన్నవి కొన్నే. మిగతాదంతా రెండు గుంపులు: టైమ్ వెయిట్, క్లోజ్ వెయిట్.

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు కానీ రెండూ చెప్పే కథలు వేరు. కనెక్షన్‌ను ముందుగా మూసినవాడి దగ్గర మిగిలేది టైమ్ వెయిట్. లైనక్స్‌లో అది 60 సెకన్లు ఉండి పోతుంది, ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. క్లోజ్ వెయిట్ అలా కాదు. అవతలివాడు మూసేశాడు, మన ప్రోగ్రామ్ మాత్రం ఇంకా మూయలేదు అని దాని అర్థం. దానికి గడువేమీ లేదు, మన కోడ్ సాకెట్‌ను (కనెక్షన్‌కు మన వైపు కొస) మూసేదాకా అలాగే ఉంటుంది. ఒక్కోటీ ఒక ఫైల్ డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైల్‌కో సాకెట్‌కో సిస్టమ్ ఇచ్చే నంబర్) పట్టుకుని కూర్చుంటుంది. ఈ మెషీన్లలో ప్రాసెస్‌కు ఉన్న పరిమితి మామూలుగా ఉండే 1024. అది నిండడానికి ఎంతసేపు పడుతుంది?

పరిమితి పెంచేస్తే సరిపోతుంది కదా అని ఒక సలహా వచ్చింది. పెంచాం కూడా, ఎలాగూ పెంచాల్సిందే. కానీ కారేదాని కింద పెద్ద బకెట్ పెట్టినంత మాత్రాన కారడం ఆగదు.

సోమవారం సాయంత్రం

కోడ్‌లో సోల్ర్‌జే క్లయింట్ ఎక్కడెక్కడ పుడుతోందో వెతికితే రెండు పద్ధతులు కనిపించాయి.

సెర్చ్ పేజీ వైపు, ఇండెక్స్ పేరును కీగా పెట్టుకుని ఒక మ్యాప్ ఉంది. ఏదైనా ఇండెక్స్ మొదటిసారి అడిగినప్పుడు దానికో క్లయింట్ తయారై మ్యాప్‌లో చేరుతుంది. ఆ తర్వాత ఎప్పటికీ పోదు. ఒక్కో క్లయింట్ లోపల ఒక సొంత కనెక్షన్ పూల్, అంటే తెరిచిన కనెక్షన్లను మళ్లీ వాడటానికి ఉంచుకునే చోటు. పది ఇండెక్స్‌లు ఉన్న రోజుల్లో ఇది బాగానే ఉండి ఉంటుంది. ఇప్పుడు వందల పూల్‌లు, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు.

డాక్యుమెంట్లను గుంపుగా బయటికి తీసే ఎక్స్‌పోర్ట్ వైపు అయితే రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ కొత్త క్లయింట్. ఒక చోట పని అయ్యాక క్లోజ్ చేస్తున్నారు, ఇంకో చోట లేదు. చేస్తున్న చోట నుంచి టైమ్ వెయిట్‌లు, చేయని చోట నుంచి క్లోజ్ వెయిట్‌లు. చేయని చోట జరిగేది ఇదీ: పని అయిపోయాక కనెక్షన్ ఆ క్లయింట్ పూల్‌లో ఖాళీగా పడి ఉంటుంది. సోల్ర్‌లోని వెబ్ సర్వర్ జెట్టీ 120 సెకన్లు చూసి (మా సర్వర్ సెట్టింగ్ అది) తన వైపు మూసేస్తుంది. ఇటువైపు ఆ పూల్‌ను పట్టించుకునే దిక్కు లేదు. సాకెట్ క్లోజ్ వెయిట్‌లోకి జారుతుంది.

దానంతటదే ఎలా బాగవుతోందన్న దానికీ ఇక్కడే జవాబు దొరికింది. సోల్ర్‌జే కింద వాడుతున్నది అపాచీ హెచ్‌టీటీపీ క్లయింట్ 4. అందులో పూల్ మేనేజర్‌కు ఫైనలైజ్ మెథడ్ ఉంది, అది పూల్‌ను మూసేస్తుంది. జావా చెత్త ఏరివేత (గార్బేజ్ కలెక్షన్, వాడని మెమరీని వెనక్కి తీసుకోవడం) జరిగినప్పుడు, ఎవరికీ పట్టని పూల్‌లు అలా పోతాయి. మెమరీ పుష్కలంగా ఉన్న ప్రాసెస్‌లో పాత ఆబ్జెక్ట్‌ల దాకా ఆ ఏరివేత వెళ్లేది అరుదు. వెళ్లినప్పుడు అదృష్టం, వెళ్లనప్పుడు రీస్టార్ట్. మెమరీ పెంచిన తర్వాత సమస్య ఎక్కువైందని ఎవరో అంటే అప్పుడు ఎవరూ నమ్మలేదట. నమ్మాల్సిన మాటే.

క్లోజ్ చేసే చోట కూడా సంతోషపడాల్సిందేమీ లేదు. లైనక్స్‌లో బయటికి వెళ్లే కనెక్షన్లకు మామూలుగా కేటాయించే పోర్టులు 32768 నుంచి 60999 దాకా, అంటే 28,232. అవతల ఐపీ ఒకటే, పోర్టు ఒకటే అయినప్పుడు, వాడిన ప్రతి పోర్టూ 60 సెకన్లు టైమ్ వెయిట్‌లో ఇరుక్కుంటుంది. 28,232ను 60తో భాగిస్తే సెకనుకు 470. ఒక మెషీన్ నుంచి ఆ వేగం దాటి కొత్త కనెక్షన్లు తెరిస్తే పోర్టులు అయిపోతాయి. మా ఎక్స్‌పోర్ట్ ఇంకా అక్కడిదాకా పోలేదు, కానీ పోకూడదనేమీ లేదు.

మంగళవారం

డిజైన్ గురించి మాట్లాడుకున్నాం. నేను పట్టుబట్టింది ఒక్క విషయం: కనెక్షన్ అనేది సర్వర్‌ది, ఇండెక్స్‌ది కాదు. టీసీపీకి తెలిసింది ఐపీ, పోర్టు. ఇండెక్స్ పేరు యూఆర్ఎల్ దారిలో ఒక ముక్క మాత్రమే. హెచ్‌టీటీపీ క్లయింట్ కూడా కనెక్షన్లను రూట్ వారీగా లెక్కేస్తుంది, రూట్ అంటే హోస్ట్, పోర్టు, మధ్యలో ప్రాక్సీ ఉంటే అది. దారి దాని లెక్కలోనే లేదు. ఒక కోర్‌కు క్వెరీ పంపి తిరిగొచ్చిన కనెక్షన్ మీదే మరుక్షణం ఇంకో కోర్‌కు పంపొచ్చు. ఇలాస్టిక్‌సెర్చ్‌లోనూ ఇంతే, అక్కడ పోర్టు 9200, ఇండెక్స్ పేరు దారిలోనే.

కాబట్టి అప్లికేషన్ మొత్తానికి ఒక హెచ్‌టీటీపీ క్లయింట్, దాని మీద ఒక సోల్ర్ క్లయింట్. బేస్ యూఆర్ఎల్ స్లాష్ సోల్ర్‌తో ఆగిపోవాలి. కోర్ పేరు ప్రతి క్వెరీతో పాటు మొదటి ఆర్గ్యుమెంట్‌గా వెళ్లాలి. సోల్ర్‌జేలో క్వెరీ, యాడ్, కమిట్ అన్నింటికీ కోర్ పేరు తీసుకునే రూపం ఉంది. సోల్ర్ క్లయింట్‌ను థ్రెడ్‌లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) ఎన్నయినా పంచుకోవడానికి తగ్గట్టే రాశారు. పైగా క్లయింట్‌ను ఒకసారి తయారుచేసుకుని దాన్నే వాడాలి, ఎప్పటికప్పుడు కొత్తది చేస్తే కనెక్షన్లు లీకవుతాయని ఆ లైబ్రరీ గురించి ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నారు.

రివ్యూలో ఒక ప్రతిపాదన వచ్చింది. పాత కోడ్ చాలా చోట్ల కోర్ పేరు లేకుండా క్వెరీ పిలుస్తోంది, అవన్నీ మార్చడం కంటే ఒకే క్లయింట్ పెట్టి, ప్రతి క్వెరీకి ముందు సెట్ బేస్ యూఆర్ఎల్‌తో కోర్ మార్చేస్తే పోలేదా అని. మార్పు నాలుగు లైన్లలో అయిపోతుంది, చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ యూఆర్ఎల్ క్లయింట్ ఆబ్జెక్ట్‌లో ఉండే ఒక వేరియబుల్. మొదటి థ్రెడ్ "ఏ" సంస్థ కోర్‌ను పెడుతుంది. అది క్వెరీ పంపేలోపు రెండో థ్రెడ్ "బీ" సంస్థ కోర్‌ను పెడుతుంది. ఇప్పుడు "ఏ" వాళ్ల స్క్రీన్ మీద "బీ" వాళ్ల డాక్యుమెంట్లు. ఎర్రర్ ఉండదు, లాగ్‌లో అనుమానించడానికి ఏమీ ఉండదు, టెస్టులన్నీ పాసవుతాయి, ఎందుకంటే టెస్టులు ఒక థ్రెడ్‌లోనే నడుస్తాయి. సెర్చ్ పడిపోతే సారీ చెప్పుకోవచ్చు. ఒకరి ఫైళ్లు ఇంకొకరికి కనిపిస్తే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఆ ప్రతిపాదన అక్కడితో ఆగింది.

దాని బదులు సోల్ర్ క్లయింట్ ఎవరికీ నేరుగా దొరకకుండా ఒక చిన్న క్లాస్ వెనక దాచాం. బయటికి కనిపించేది "ఈ సంస్థ ఇండెక్స్ ఇవ్వు" అనే ఒక్క మెథడ్. అది ఇచ్చేది తేలికైన ఆబ్జెక్ట్, లోపల కోర్ పేరు, అందరికీ ఉమ్మడిగా ఉన్న క్లయింట్ రిఫరెన్స్, అంతే. పేరు మార్చడానికి వీల్లేదు, ఫైనల్. దాన్ని రిక్వెస్ట్‌కు ఒకటి తయారుచేసి పారేసినా నష్టం లేదు, సాకెట్లతో దానికి సంబంధమే లేదు. కోర్ పేరు కూడా బయటి నుంచి వచ్చిన స్ట్రింగ్ నుంచి నేరుగా కట్టం. లాగిన్ అయిన సంస్థ నుంచి టేబుల్‌లో వెతికి తెస్తాం. సోల్ర్ ఒప్పుకునే పేర్లు అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్, హైఫన్ మాత్రమే, అదీ హైఫన్‌తో మొదలవకూడదు. కోర్ పుట్టేటప్పుడే ఆ తనిఖీ పెట్టాం.

బుధవారం

టెస్ట్ సర్వర్‌లో పెట్టగానే "కనెక్షన్ పూల్ షట్ డౌన్" అని ఒక ఎక్సెప్షన్ వరసగా పడింది. పాత కోడ్‌లో క్లోజ్ పిలిచే అలవాటు ఇంకా కొన్ని చోట్ల మిగిలి ఉంది. ఎవరి క్లయింట్ వాళ్లదిగా ఉన్నంతకాలం అది మంచి అలవాటే. ఇప్పుడు ఒకరు మూస్తే అందరికీ మూతపడుతుంది.

ఇందులో సోల్ర్‌జే ప్రవర్తన తెలుసుకోవాలి. హెచ్‌టీటీపీ క్లయింట్‌ను అది సొంతంగా తయారుచేసుకుంటే, సోల్ర్ క్లయింట్‌ను క్లోజ్ చేసినప్పుడు దాన్నీ మూసేస్తుంది. మనం బయట తయారుచేసి బిల్డర్‌కు ఇస్తే మూయదు, ఎవరు తెచ్చారో వాళ్లే మూసుకోవాలి. రెండో దారి పట్టాం. హెచ్‌టీటీపీ క్లయింట్ పుట్టేది అప్లికేషన్ మొదలైనప్పుడు, పోయేది అప్లికేషన్ ఆగినప్పుడు. పంచిపెట్టే ఇండెక్స్ ఆబ్జెక్ట్‌కు అసలు క్లోజ్ మెథడే పెట్టలేదు.

హెచ్‌టీటీపీ క్లయింట్‌ను మనమే తయారుచేస్తే ఇంకో మెలిక ఉంది. సోల్ర్‌జే తనకు తాను కట్టుకునే పూల్ ఉదారంగా ఉంటుంది, పరిమితులు చాలా పెద్దవి. హెచ్‌టీటీపీ క్లయింట్ 4 తన బిల్డర్‌తో ఏమీ చెప్పకుండా కట్టే పూల్‌లో రూట్‌కు 2 కనెక్షన్లు, మొత్తం 20. మాకు ఉన్నది ఒకటే రూట్. అంటే మొత్తం 20 అని రాసి ఉన్నా నిజంగా దొరికేది 2. పూల్ దగ్గర ఆగే సమయానికి గడువు పెట్టకపోతే థ్రెడ్ ఎంతసేపైనా అక్కడే నిలబడుతుంది. కావాలనే ఒకసారి అలా నడిపి థ్రెడ్ డంప్ (ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో చూపే జాబితా) తీసి చూశాం, ఎప్పుడైనా నిజంగా ఎదురైతే గుర్తుపట్టడానికి. రెండు థ్రెడ్‌లు సాకెట్ చదువుతున్నాయి, మిగతా అన్నీ పూల్ నుంచి కనెక్షన్ తీసుకునే లైన్ మీద వరసగా నిలబడి ఉన్నాయి. సోల్ర్ వైపు గ్రాఫ్‌లో చూస్తే లోడే లేదు. సర్వర్ ఖాళీ, యూజర్ల పేజీ మాత్రం కదలదు.

మరి ఎన్ని పెట్టాలి? దీనికి ఊహ అక్కర్లేదు, 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఉంది: ఒకేసారి జరుగుతున్న పనుల సగటు సంఖ్య, వచ్చే వేగాన్ని ఒక్కో పనికి పట్టే సమయంతో గుణిస్తే వస్తుంది. సెకనుకు 120 క్వెరీలు, ఒక్కోటి 80 మిల్లీసెకన్లు అనుకుంటే 9.6, అంటే పది కనెక్షన్లు. క్వెరీలు ఒకే తీరుగా రావు, కొన్ని ఒక సెకను దాకా పడతాయి, అందుకని మెషీన్‌కు 40 పెట్టాం. రూట్‌కూ 40, మొత్తానికీ 40. రూట్ ఒకటే ఉన్నప్పుడు రెండు అంకెలు వేరుగా ఉంచితే తర్వాత చదివేవాడిని తికమక పెట్టడం తప్ప లాభం లేదు.

ఇంకా ఎక్కువ పెడితే నష్టమేంటని అడిగారు. సోల్ర్ జెట్టీలో థ్రెడ్‌ల గరిష్ఠ సంఖ్య మామూలుగా 10,000. అంటే సర్వర్ ఎవరినీ గుమ్మం దగ్గర ఆపదు, అందరినీ లోపలికి రానిచ్చి అందరికీ కలిపి నెమ్మదిస్తుంది. ఆపాల్సింది ఇటువైపు నుంచే. వందల పూల్‌లు ఉన్నప్పుడు ఆ ఆపడం అనేదే లేదు.

గురువారం, శుక్రవారం

ఈ పనిలో అసలు తలనొప్పి ఇక్కడ మొదలైంది. ఒక్క పూల్ అనగానే ఇండెక్స్‌ల మధ్య గోడ పోయింది. పాత పద్ధతిలో ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా ఒక సంస్థ రద్దీ ఇంకో సంస్థ పూల్‌ను తినేది కాదు. ఇప్పుడు ఒక పెద్ద ఇండెక్స్ మీద నలభై నెమ్మది క్వెరీలు ఒకేసారి పడితే, మిగతా వందల సంస్థలకు ఒక్క కనెక్షన్ కూడా మిగలదు. లోడ్ టెస్టులో ఒక కోర్‌కు కావాలని బరువైన ఫాసెట్ క్వెరీలు (ఫలితాలను వర్గాలవారీగా లెక్కపెట్టేవి) పంపితే సరిగ్గా అదే జరిగింది. చిన్న ఇండెక్స్‌ల మీద మామూలుగా కన్నుమూసి తెరిచేలోపు వచ్చే జవాబు కూడా క్యూలో ఇరుక్కుంది.

పరిష్కారం సెమఫోర్‌లు, అంటే ఒకేసారి ఇంతమందికే అని పర్మిట్లు ఇచ్చి మిగతావాళ్లను ఆపేవి. ఇండెక్స్‌కు ఒకటి, ఒక్కోదానికి 8 పర్మిట్లు. ఆ పైన అప్లికేషన్ మొత్తానికి ఇంకొకటి, పూల్ ఎంతో అన్నే పర్మిట్లు, 40. క్వెరీ వెళ్లాలంటే రెండూ దొరకాలి. ఉమ్మడి సెమఫోర్ పూల్ సైజుకు సమానం కాబట్టి, దాన్ని దాటి వచ్చిన థ్రెడ్‌కు పూల్‌లో కనెక్షన్ తప్పకుండా ఉంటుంది. పూల్ దగ్గర నిరవధికంగా నిలబడే గొడవ అలా పోయింది. ఆగడం ఏదైనా ఉంటే సెమఫోర్ దగ్గరే, గడువుతో, మా లెక్కల్లో కనిపించేలా.

ఏది ముందు తీసుకోవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. ఉమ్మడిది ముందు తీసుకుని ఇండెక్స్ పర్మిట్ కోసం ఆగితే, ఆ ఆగే థ్రెడ్ ఏ పనీ చేయకుండా నలభైలో ఒకదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. రద్దీ ఇండెక్స్ థ్రెడ్‌లు అలా నలభై చేరితే, గోడ కట్టి కూడా కట్టనట్టే. అందుకని ఇండెక్స్ పర్మిట్ ముందు, ఉమ్మడిది తర్వాత. వదిలేటప్పుడు తిరగేసి, రెండూ ఫైనలీ బ్లాక్‌లోనే. ఉమ్మడిది దొరక్క వెనక్కి తిరిగినప్పుడు ఇండెక్స్ పర్మిట్‌ను వదలడం ముఖ్యం, దీనికి విడిగా ఒక టెస్ట్ రాశాం. పర్మిట్ ఒక్కోటి కారిపోతే ఎనిమిది కారాక ఆ ఒక్క సంస్థకు సెర్చ్ శాశ్వతంగా ఆగిపోతుంది, మిగతా అందరికీ బాగానే ఉంటుంది. అలాంటి ఫిర్యాదు వస్తే "మీ నెట్ చూసుకోండి" అని పంపేస్తారు.

పర్మిట్ 300 మిల్లీసెకన్లలో దొరకకపోతే వెంటనే "సర్వర్ బిజీగా ఉంది" అని చెప్పేస్తాం. ముప్పై సెకన్లు తిప్పి చివర్లో ఎర్రర్ ఇవ్వడం కంటే ఇది మర్యాద. దీని మీద టీమ్‌లో వాదన జరిగింది, ఎర్రర్లు పెరుగుతాయని. పెరుగుతాయి, నిజమే, కానీ రద్దీ చేస్తున్న ఆ ఒక్క సంస్థకే పెరుగుతాయి.

సెమఫోర్‌లను ఉంచే మ్యాప్‌ను ఎల్ఆర్‌యూ క్యాష్ (ఎక్కువసేపు వాడనిదాన్ని ముందు తీసేసేది) చేసి, వాడనివి తీసేద్దామా అనే ఆలోచన కూడా వచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? కొన్ని వందల సెమఫోర్‌లు మెమరీలో ఏపాటి. పైగా పర్మిట్లు బయట ఉండగా పాతదాన్ని తీసేసి కొత్తది పుడితే, ఆ ఇండెక్స్‌కు 8 బదులు 16 అవుతాయి. అలాగే ఉంచేశాం.

ఎక్స్‌పోర్ట్‌ను సెర్చ్ నుంచి వేరు చేశాం, దానికి ఉమ్మడి పర్మిట్లు 6 మాత్రమే, అవి ఈ నలభైలోంచే వస్తాయి. అందులో పాత కోడ్ స్టార్ట్ (ఎన్నో ఫలితం నుంచి), రోస్ (ఎన్ని ఫలితాలు) అనే పారామీటర్లతో లోతుకు పేజీలు తిప్పుతోంది. స్టార్ట్ పెరిగే కొద్దీ సోల్ర్ ముందున్నవన్నీ మళ్లీ పేర్చుకోవాలి, ఒక్కో పేజీ ముందుదాని కంటే నెమ్మది, అంతసేపూ కనెక్షన్ పట్టుబడి ఉంటుంది. ముందు పేజీ ఆగిన చోటును గుర్తుంచుకునే కర్సర్ మార్క్‌కు మార్చాం. సార్ట్‌లో యునీక్ కీ (డాక్యుమెంట్‌కు ఒక్కటే ఉండే ఐడీ) తప్పనిసరిగా ఉండాలన్న ఒక్క నియమం పాటిస్తే, ఎంత లోతుకు వెళ్లినా పేజీకి పట్టే సమయం దాదాపు ఒకేలా ఉంటుంది. పేజీకీ పేజీకీ మధ్య పర్మిట్ వదిలేస్తాం, సెర్చ్ క్వెరీలు ఆ సందులో దూరిపోతాయి.

తర్వాతి సోమవారం

టైమౌట్లు. కనెక్ట్ టైమౌట్ 1 సెకను, సర్వర్ పక్క మెషీనే కాబట్టి అంతకంటే ఎక్కువ ఆగడంలో అర్థం లేదు. సాకెట్ టైమౌట్ సెర్చ్‌కు 10 సెకన్లు.

సాకెట్ టైమౌట్ మీద ఒక అపోహ ఉంటుంది, గడువు దాటితే క్వెరీ ఆగిపోతుందని. ఆగదు. మనం ఫోన్ పెట్టేశామని అవతల సోల్ర్‌కు తెలియదు, అది తన పని చేసుకుంటూనే ఉంటుంది. ఇటువైపు పర్మిట్ విడుదలైంది కాబట్టి ఇంకో క్వెరీ వెళ్తుంది, యూజర్ రిఫ్రెష్ కొడతాడు కాబట్టి అదే క్వెరీ మళ్లీ వెళ్తుంది. మన లెక్క ప్రకారం ఎనిమిది, సర్వర్ మీద ఇరవై. అందుకని ప్రతి సెర్చ్ క్వెరీకి టైమ్ అలౌడ్ అనే పారామీటర్‌ను సాకెట్ టైమౌట్ కంటే బాగా తక్కువగా, 6000 మిల్లీసెకన్లు పెట్టాం. గడువు దాటితే సోల్ర్ అప్పటిదాకా దొరికినవి ఇచ్చి, పార్షియల్ రిజల్ట్స్ అని హెడర్‌లో చెబుతుంది. ఆ గుర్తు వచ్చినప్పుడు పేజీలో "కొన్ని ఫలితాలే చూపిస్తున్నాం" అని రాస్తాం. టైమ్ అలౌడ్ క్వెరీలోని అన్ని దశలనూ ఆపలేదు, ఫాసెట్ల లెక్క దాని చేతికి చిక్కకపోవచ్చు, కానీ లేకపోవడం కంటే ఎంతో నయం.

ఖాళీగా ఉన్న కనెక్షన్ల సంగతి: జెట్టీ 120 సెకన్లకు మూస్తుంది కాబట్టి మేం 60 సెకన్లకే మూసేస్తున్నాం. ఎప్పుడూ క్లయింటే ముందు మూయాలి. లేకపోతే సర్వర్ మూస్తున్న అదే క్షణంలో మనం దాని మీద రిక్వెస్ట్ పంపే సందు ఒకటి మిగులుతుంది, నో హెచ్‌టీటీపీ రెస్పాన్స్ అనే ఎక్సెప్షన్ అక్కడి నుంచే వస్తుంది. సెర్చ్ క్వెరీ అయితే ఒకసారి మళ్లీ పంపుతాం. అప్‌డేట్‌లలో పూర్తి డాక్యుమెంట్‌ను అదే ఐడీతో మళ్లీ పంపినా నష్టం లేదు, పాతదాని మీద కూర్చుంటుంది. కౌంటర్ పెంచే అటామిక్ అప్‌డేట్ మాత్రం మళ్లీ పంపితే రెండుసార్లు పెరుగుతుంది. వాటికి రీట్రై లేదు.

బుధవారం

అన్నీ సర్దుకున్నాయి అనుకుంటుండగా చిన్న ఇండెక్స్‌ల మీద మొదటి క్వెరీ అప్పుడప్పుడూ అతి నెమ్మదిగా వస్తోందని గమనించాం. కనెక్షన్ వెంటనే దొరుకుతోంది, సమయమంతా సర్వర్ దగ్గరే పోతోంది.

ఇన్ని కోర్‌లు ఎప్పుడూ తెరిచి ఉంచలేం కాబట్టి చాలావాటికి కోర్ ప్రాపర్టీస్ ఫైల్‌లో ట్రాన్సియెంట్ ట్రూ, లోడ్ ఆన్ స్టార్టప్ ఫాల్స్ అని ఉంది. ఎవరైనా అడిగినప్పుడు కోర్ తెరుచుకుంటుంది. ట్రాన్సియెంట్ క్యాష్ సైజు దాటితే, ఎక్కువసేపు వాడనిది మూతపడుతుంది. సోల్ర్ క్లౌడ్ (చాలా సర్వర్లు కలిసి నడిచే పద్ధతి) లేకుండా ఒంటరి సర్వర్‌గా నడిపేటప్పుడు ఇది మంచి సదుపాయం. తెరవడమంటే ఇండెక్స్ ఫైళ్లు తెరవాలి, స్కీమా చదవాలి, మొదటి సెర్చర్ సిద్ధం కావాలి. క్యాష్ సైజు సరిపడా ఉంది, ఒకే సమయంలో చురుగ్గా ఉండే సంస్థల కంటే ఎక్కువే. మరి ఎందుకు మాటిమాటికీ మూతపడుతున్నాయి?

సోల్ర్ లాగ్‌లో కోర్‌లు తెరుచుకుంటున్న వరస చూస్తే అక్షరక్రమంలో ఉంది. మనుషులు అక్షరక్రమంలో వెతకరు. అది మా మానిటరింగ్. ప్రతి కోర్‌కూ పింగ్ పంపి బతికే ఉందా అని చూస్తోంది, ఒకటి తర్వాత ఒకటి, నిమిషానికోసారి. పింగ్ అంటే నిజమైన క్వెరీయే, కోర్ తెరవాల్సిందే. మూలన ఎవరూ ముట్టని కోర్‌ను కూడా ప్రతి నిమిషం లేపుతోంది, దానికి చోటివ్వడానికి ఎవరో నిజంగా వాడుతున్న కోర్ మూతపడుతోంది. ఆరోగ్యం చూడటానికి వచ్చి జబ్బు అంటించి పోతోందన్నమాట.

పింగ్‌లు తీసేసి కోర్ అడ్మిన్ స్టేటస్ పెట్టాం. స్టేటస్ అడిగితే సోల్ర్ మూసి ఉన్న కోర్‌ను తెరవదు, లోడ్ కాలేదని మాత్రం చెబుతుంది. ఇండెక్స్ ఇన్ఫో ఫాల్స్ అని కలిపితే డాక్యుమెంట్ల లెక్కల జోలికి కూడా పోదు, చవగ్గా అయిపోతుంది. నిజమైన క్వెరీతో పరీక్ష ఒక్క కోర్ మీదే, అందుకోసమే పెట్టిన చిన్నది, ట్రాన్సియెంట్ కానిది. కోర్‌లు తెరుచుకునే వరసలు లాగ్‌లో ఆ రోజే తగ్గాయి.

శుక్రవారం

రెండు మెషీన్లలోనూ కొత్త కోడ్ వెళ్లింది. పూల్ మేనేజర్ ఇచ్చే నాలుగు అంకెలు (వాడుకలో ఉన్నవి, ఎదురుచూస్తున్నవి, ఖాళీగా ఉన్నవి, గరిష్ఠం) గ్రాఫ్‌కు ఎక్కించాం. ఎదురుచూస్తున్నవి ఎప్పుడూ సున్నా ఉండాలి, సెమఫోర్ ముందే ఆపుతుంది కాబట్టి. సున్నా దాటితే ఎవరో పక్కదారిలో క్లయింట్‌ను పట్టుకున్నారని అర్థం, దానికి అలర్ట్ పెట్టాం. క్లోజ్ వెయిట్ ఒక్కటి కూడా లేదు. టైమ్ వెయిట్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఇండెక్సింగ్ జాబ్‌లకు కన్‌కరెంట్ అప్‌డేట్ క్లయింట్ వాడదామన్న మాట వచ్చింది. వద్దన్నాను. అది డాక్యుమెంట్లను క్యూలో వేసుకుని వెనక పంపుతుంది, వేగమే. కానీ పంపడంలో ఎర్రర్ వస్తే, హ్యాండిల్ ఎర్రర్ మెథడ్‌ను మనం తిరగరాయకపోతే లాగ్‌లో ఒక లైన్ పడటం తప్ప పిలిచిన కోడ్‌కు కబురే రాదు. ఏ సంస్థ డాక్యుమెంట్ పోయిందో ఎవరు వెతుకుతారు? మామూలు క్లయింట్‌తోనే గుంపులు గుంపులుగా పంపుతున్నాం, తనకంటూ వేరే చిన్న పూల్‌తో, సాకెట్ టైమౌట్ ఎక్కువగా పెట్టి.

మిగిలింది హెచ్‌టీటీపీ 2 వైపు వెళ్లడం. సోల్ర్‌జే 8లోనే దానికి కొత్త క్లయింట్ వచ్చింది, 9లో మేం ఇప్పుడు వాడుతున్న పాతదాన్ని వాడొద్దని గుర్తు పెట్టేశారు. అందులో ఒకే టీసీపీ కనెక్షన్ మీద చాలా రిక్వెస్ట్‌లు ఒకేసారి పోతాయి కాబట్టి పూల్‌లో 40 అన్న అంకెకు అర్థం మారిపోతుంది. సెమఫోర్‌లకు మాత్రం మారదు, అవి లెక్కపెట్టేది కనెక్షన్లను కాదు, జరుగుతున్న క్వెరీలను. వేరే బ్రాంచ్‌లో పెట్టి నడిపి చూస్తున్నాం. మధ్యలో ప్రాక్సీ లాంటిది ఏదైనా ఉంటే, అది హెచ్‌టీటీపీ 2ను సోల్ర్ దాకా పంపుతుందా, లేక 1.1కు దించేస్తుందా అన్నది మొదట తేల్చాలి.